ఖాళీ బెర్తులో దించిన సరుకు: డెస్క్‌టాప్‌లో మౌంట్ పాయింట్ల నిర్వహణ

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాము. కమాండ్లను వక్త పలికినట్టే తెలుగు లిపిలో రాశాము. అక్షరాల కూర్పును అవసరమైన చోట ఆయనే చెప్పారు.)

నమస్కారం. బయటి ఉక్కపోత చూసి ఈ రోజు సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయనుకున్నాను; ఫరవాలేదు, గది నిండింది. తెర మీది అక్షరాలు కనబడనివారు ముందుకు వచ్చి కూర్చోండి, మొహమాటం వద్దు. ముందుగా ఒక ప్రశ్న. మీ ఇంట్లోని డెస్క్‌టాప్‌కు ఒకటి కంటే ఎక్కువ డిస్కులు ఉన్నవారు ఎందరు? దాదాపు అందరూ చేతులెత్తారు. సరే, ఆ రెండో డిస్కు మీ డైరెక్టరీల చెట్టులో ఏ కొమ్మకు తగిలించి ఉందో, దాన్ని అక్కడ తగిలించింది మీరో, డెస్క్‌టాపే తనంతట తాను తగిలించుకుందో, ఇప్పటికిప్పుడు చెప్పగలిగినవారు ఎందరు? చేతులు బాగా తగ్గాయి. ఆ దించిన చేతుల కోసమే ఈ సాయంత్రం.

విండోస్‌తో కంప్యూటరు నేర్చుకున్న మనందరికీ డిస్కు అంటే ఒక అక్షరం. సీ డ్రైవు, డీ డ్రైవు, పెన్‌డ్రైవు పెడితే ఈ డ్రైవు. ఏ, బీ అక్షరాలు ఒకనాటి ఫ్లాపీలకు పోయాయి కనుక లెక్క సీ నుంచి మొదలవుతుంది. యూనిక్స్ సంప్రదాయంలో ఈ అక్షరాలు లేవు. అది లినక్స్ కావచ్చు, ఫ్రీబీఎస్‌డీ కావచ్చు, మ్యాక్ కావచ్చు, ఉన్నది ఒకే ఒక్క చెట్టు. దాని మూలం స్లాష్. మీ దగ్గర ఒక డిస్కు ఉన్నా పది డిస్కులు ఉన్నా అన్నీ ఆ ఒక్క చెట్టులోనే ఎక్కడో ఒక చోట కనబడాలి. ఆ కనబడే చోటే మౌంట్ పాయింట్. మౌంట్ పాయింట్ అంటే ఏమిటి? ఒక మామూలు డైరెక్టరీ. అంతకు మించి ఏమీ కాదు. ఈ మాట ఇప్పుడు చాలా చిన్నదిగా వినిపిస్తుంది, కానీ మౌంట్ పాయింట్ అనేది డిస్కు లేనప్పుడు కూడా ఉండే ఒక మామూలు డైరెక్టరీ అన్న విషయం గుర్తు లేకనే నేను ఒకసారి బాగా దెబ్బ తిన్నాను. ఆ కథకు కాసేపట్లో వస్తాను.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్‌కు 1971 నవంబరు తేదీతో మొదటి మాన్యువల్ వచ్చింది. మౌంట్, యూమౌంట్ కమాండ్లు రెండూ అందులోనే ఉన్నాయి. ఆ రోజుల్లో డిస్కు ప్యాకును గానీ టేపు చుట్టను గానీ మనిషి చేతులతో మోసుకొచ్చి యంత్రం మీద ఎక్కించేవాడు. ఆ ఎక్కించడమే మౌంట్ అయింది. దించే కమాండు పేరును సరిగ్గా గమనించండి. అది అన్‌మౌంట్ కాదు, యూమౌంట్. యూ తర్వాత ఎన్ అక్షరం లేదు. యాభై ఏళ్లుగా కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ ఆ ఎన్‌ను ఒకసారైనా కొట్టి, అటువంటి కమాండు లేదన్న జవాబు చూసినవారే.

మనం విశాఖలో ఉన్నాము కనుక ఒక పోలిక చెప్పడం సులువు. 1933 నుంచి నడుస్తున్న రేవు మనకు ఉంది. బెర్తు అంటే ఏమిటో ఇక్కడ చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. రైలు బెర్తు కాదు నేను చెప్పేది, ఓడ బెర్తు. ఓడ వచ్చినా రాకపోయినా బెర్తు అక్కడే ఉంటుంది. ఓడ వచ్చి ఆనుకున్నప్పుడు మీరు బెర్తు మీదుగా నడిచి ఓడలోకి వెళ్తారు. ఓడ వెళ్లిపోయాక అదే దారిలో నడిస్తే? నీళ్లలో పడతారు. రేవులో కనీసం నీళ్లు కనబడతాయి. కంప్యూటరులో ఆ నీళ్లు కూడా కనబడవు. ఓడ లేని బెర్తు కూడా అచ్చం ఓడలాగే, ఖాళీ డైరెక్టరీలాగే కనబడుతుంది, మీరు దింపిన సరుకును మారు మాట్లాడకుండా తీసుకుంటుంది.

ఇక్కడ మూడు మాటలను విడదీసి పెట్టుకుందాము. డిస్కు అనేది వస్తువు. దాన్ని కోసి చేసుకున్న ముక్క పార్టిషన్. ఆ ముక్కలో ఫైళ్లను ఒక క్రమంలో పెట్టడానికి వేసిన ఏర్పాటు ఫైల్ సిస్టమ్. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఎన్‌టీఎఫ్‌ఎస్ వంటివి. మౌంట్ అయ్యేది డిస్కు కాదు, పార్టిషన్ కూడా కాదు, దానిలోని ఫైల్ సిస్టమ్. కొత్త డిస్కు కొని తెచ్చి, పెట్టె విప్పి, నేరుగా మౌంట్ కొట్టి అది పనిచేయదేమని అడిగేవారు ఈ తేడా తెలియకే అడుగుతారు. ఓడే లేదు కదా, బెర్తుకు దేన్ని కట్టాలి?

ఇక షెల్లు, అంటే కమాండ్లు కొట్టే తెర, తెరుద్దాము. మొదట కొట్టవలసినది ఎల్‌ఎస్‌బీఎల్‌కే, పక్కన హైఫన్ ఎఫ్. ఎల్, ఎస్, బీ, ఎల్, కే, అయిదు అక్షరాలు. ఇది యంత్రానికి తగిలి ఉన్న డిస్కులను, వాటి పార్టిషన్లను, ఒక్కొక్క దానిలోని ఫైల్ సిస్టమ్‌ను, దాని లేబులును, యూయూఐడీని, ప్రస్తుతం అది ఎక్కడ మౌంట్ అయి ఉందో ఆ చోటును ఒకే పట్టికగా చూపిస్తుంది. దీనికి సుడో, అంటే నిర్వాహకుడి హక్కు, అవసరం లేదు, దేన్నీ మార్చదు. భయం లేకుండా రోజుకు పదిసార్లు కొట్టవచ్చు. రెండోది ఫైండ్‌మౌంట్, రాసేటప్పుడు చివరి మాటను ఎం, ఎన్, టీ అని కుదించి రాస్తారు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఓడల వైపు నుంచి చూస్తుంది, ఫైండ్‌మౌంట్ బెర్తుల వైపు నుంచి చూస్తుంది. ఒక డైరెక్టరీ పేరు చెప్పి, హైఫన్ పెద్ద టీ ఇచ్చి అడిగితే, ఆ డైరెక్టరీ నిజానికి ఏ ఫైల్ సిస్టమ్‌లో ఉందో చెబుతుంది. చాలామంది మౌంట్ అని ఉత్తినే కొట్టి జాబితా చూస్తారు. ఇప్పటి లినక్స్‌లో ఆ జాబితా నిండా కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, తన అవసరానికి పెట్టుకున్న మౌంట్లే ఉంటాయి, మీ డిస్కు వాటి మధ్య ఎక్కడో దాక్కుంటుంది. అందుకే నేను ఫైండ్‌మౌంట్ పక్షం.

ఎల్‌ఎస్‌బీఎల్‌కే చూపే పేర్ల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అన్నవి డిస్కు పేర్లు. వెనుక వచ్చే అంకె పార్టిషన్ సంఖ్య. కొత్త యంత్రాలలో ఎన్‌వీఎంఈ సున్నా ఎన్ ఒకటి పీ రెండు వంటి పొడుగు పేర్లు కనబడతాయి. ఈ పేర్లు ఏమి చెబుతాయి? కెర్నెల్ కంటికి ఎవరు ముందు కనబడ్డారో మాత్రమే చెబుతాయి. ఈ రోజు ఎస్‌డీబీ అయిన డిస్కు రేపు యూఎస్‌బీలో ఇంకొకటి పెట్టి యంత్రం ఆన్ చేస్తే ఎస్‌డీసీ కావచ్చు. మూడో నంబరుగా రేవులోకి వచ్చిన ఓడ అన్నట్టు. ఆ లెక్కతో సరుకు పంపితే ఏమవుతుంది? మరి ఓడను ఎలా గుర్తుపడతారు? ఓడకు ఐఎంఓ సంఖ్య అని ఏడంకెల గుర్తు ఉంటుంది. యజమాని మారవచ్చు, పేరు మారవచ్చు, జెండా మారవచ్చు, ఆ సంఖ్య మాత్రం ఓడ ఉన్నంతకాలం మారదు. ఫైల్ సిస్టమ్‌కు యూయూఐడీ అటువంటిది. ఈఎక్స్‌టీ4లో అది 32 అంకెల, అక్షరాల కూర్పు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 16, పెన్‌డ్రైవుల ఫ్యాట్‌లో 8. డిస్కును ఏ పోర్టులో పెట్టినా, ఏ వరుసలో పెట్టినా ఇది మారదు. ఫార్మాట్ చేస్తే మాత్రం మారుతుంది, ఎందుకంటే అప్పుడు అది కొత్త ఓడ. ఇంకొక చిక్కు కూడా చెప్పాలి. డీడీ కమాండుతో ఒక డిస్కును యథాతథంగా మరొక డిస్కుకు ఎక్కించినప్పుడు యూయూఐడీ కూడా అలాగే దిగుతుంది. ఒకే సంఖ్యతో రెండు ఓడలు రేవులో ఉన్నట్టే కదా! రెండింటినీ కలిపి తగిలించకముందే ఒకదాని సంఖ్య మార్చాలి. ఈఎక్స్‌టీ4 అయితే ట్యూన్2ఎఫ్‌ఎస్‌కు పెద్ద యూ, దాని పక్కన ర్యాండమ్ అని ఇస్తే సరిపోతుంది.

మౌంట్ చేయడం ఒక్క వరుస పని. ఎంకేడిర్‌తో ఖాళీ డైరెక్టరీ చేసి, సుడో మౌంట్, తర్వాత పార్టిషన్ పేరు, తర్వాత ఆ డైరెక్టరీ పేరు. ఎక్కడ చేయాలి అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. స్లాష్ ఎంఎన్‌టీ అన్నది తాత్కాలికంగా చేతితో తగిలించుకోవడానికి, స్లాష్ మీడియా అన్నది పెట్టి తీసే వాటికి అని సంప్రదాయం. మీ డెస్క్‌టాప్‌లో పెన్‌డ్రైవు బొమ్మ మీద నొక్కినప్పుడు డెబియన్, ఉబుంటు కుటుంబంలో స్లాష్ మీడియా కింద మీ యూజరు పేరు, దాని కింద డిస్కు లేబులు పేరుతో డైరెక్టరీ పుడుతుంది. ఫెడోరాలో అదే స్లాష్ రన్ స్లాష్ మీడియా కింద పుడుతుంది. పెన్‌డ్రైవుకు ఇది చక్కని ఏర్పాటు, వేలు పెట్టవద్దు. కానీ రోజూ వాడే డిస్కును దీనికి వదిలేయకండి. అదే పేరుతో డైరెక్టరీ అక్కడ అప్పటికే ఉంటే, కొత్తగా వచ్చిన డిస్కు పేరు చివర ఒకటి అంకె చేరుతుంది. మీరు కమాండ్లు రాసిపెట్టుకున్న ఫైలు, అంటే స్క్రిప్టు, పాత దారిలో వెతుకుతుంది, డిస్కు ఒకటి అంకె ఉన్న దారిలో ఉంటుంది. మ్యాక్‌లోనూ స్లాష్ వాల్యూమ్స్ కింద ఇదే తంతు, ఇదే ఒకటి అంకె. నా సలహా ఏమిటంటే, స్థిరంగా ఉండే డిస్కుకు మూలంలోనే మీకు అర్థమయ్యే పేరుతో, స్లాష్ డేటా అనో స్లాష్ బ్యాకప్ అనో, ఒక చోటు మీరే నిర్ణయించండి.

ఇప్పుడు ఆ కథ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ గదిలో ఉన్న చాలామంది ఊళ్లోనే ఉన్నారు, నేను వేరే వర్ణించనవసరం లేదు. కరెంటు తిరిగి వచ్చాక నేను మొదట చేసిన పని ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు కొనడం. మా తాతగారి ఉత్తరాలు, పాత పత్రికల పుటలు స్కాన్ చేసి పెట్టుకుంటున్నాను. అవన్నీ నా హోమ్ డైరెక్టరీలో, రూట్ డిస్కు మీదే, అంటే స్లాష్ ఉన్న డిస్కు మీదే, ఉన్నాయి. స్లాష్ బ్యాకప్ అని డైరెక్టరీ చేసి, కొత్త డిస్కును దాని మీద మౌంట్ చేసి, ప్రతి రాత్రి రెండు గంటలకు, మారిన ఫైళ్లకు నకళ్లు తీసే ఆర్‌సింక్ నడిచేటట్టు, వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టాను. బాగానే నడిచింది. కొన్ని నెలల తర్వాత ఒకరోజు ఇల్లు ఊడ్చేటప్పుడు డిస్కు వైరు వదులైంది. ఎవరూ గమనించలేదు. మరి ఆర్‌సింక్ గమనించిందా? అది ఎందుకు గమనిస్తుంది! స్లాష్ బ్యాకప్ అని చెప్పాను, స్లాష్ బ్యాకప్ ఉంది. అది ఖాళీగా ఉంది కనుక మొత్తం సరుకును మొదటి నుంచి ఆ ఒక్క రాత్రిలో దింపేసింది. ఎక్కడికి? అదే రూట్ డిస్కు మీదికి. ఆ తర్వాత ప్రతి రాత్రీ బ్యాకప్ మునుపటి కంటే త్వరగా పూర్తవుతున్నదని చిట్టా చూసి సంతోషించాను కూడా. ఎందుకు పూర్తవదు? వెళ్తున్నది పక్క గదికి కాదు, అదే అలమరలో కింది అరలోకి.

ఏడు వారాల తర్వాత డిస్కులో చోటు లేదని యంత్రం మొరాయించింది. నేను స్కాన్ చేసిన ప్రతి పుట రెండుసార్లు పడుతోంది కదా. అప్పుడు వైరు చూసి, సరిచేసి, డిస్కును తిరిగి మౌంట్ చేశాను. సమస్య తీరిందా? ఇక్కడే అసలు తమాషా. డిస్కులో ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ హైఫన్ హెచ్ కొడితే రూట్ నిండుగా ఉందంటుంది. కనబడే ఫైళ్లను కూడి లెక్క చెప్పే డీయూ కమాండును హైఫన్ ఎక్స్‌తో, అంటే రూట్ దాటి వేరే ఫైల్ సిస్టమ్‌లోకి పోవద్దని చెప్పి నడిపితే, అది లెక్క తేల్చిన మొత్తం డీఎఫ్ చెప్పిన దానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఒకే డిస్కు గురించి ఇద్దరు సాక్షులు రెండు మాటలు చెబుతున్నారు. ఎవరిది అబద్ధం? రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాను. ఇద్దరిదీ నిజమే. ఒక డైరెక్టరీ మీద ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేసినప్పుడు, ఆ డైరెక్టరీలో అంతకుముందు ఉన్న ఫైళ్లు పోవు, కనబడకుండా అడుగున ఉండిపోతాయి. ఓడ వచ్చి బెర్తును కప్పేసింది. బెర్తు మీద నేను ఏడు వారాలు దింపిన మూటలు ఓడ నీడలో ఉన్నాయి; చోటు ఆక్రమిస్తాయి, కంటికి మాత్రం కనబడవు.

వాటిని చూడాలంటే ఒక దారి డిస్కును దించడం. దించకుండా చూసే దారి బైండ్ మౌంట్. స్లాష్ ఎంఎన్‌టీ కింద అడుగు అనే పేరుతో ఒక డైరెక్టరీ చేసి, మౌంట్ హైఫన్ హైఫన్ బైండ్, తర్వాత స్లాష్, తర్వాత ఆ కొత్త డైరెక్టరీ పేరు ఇవ్వాలి. ఇలా చేస్తే రూట్ ఫైల్ సిస్టమ్ ఒక్కటే, దాని మీద మౌంట్ అయిన మిగతావి ఏవీ లేకుండా, ఆ రెండో చోట కూడా కనబడుతుంది. అక్కడికి వెళ్లి బ్యాకప్ డైరెక్టరీ తెరిస్తే నా మూటలన్నీ బయటపడ్డాయి. డీఎఫ్, డీయూ లెక్కలు పొంతన కుదరని ప్రతిసారీ నేను ముందు చూసే చోటు ఇదే. చెరిపేసినా ఏదో ప్రోగ్రాము ఇంకా తెరిచి పట్టుకున్న ఫైలు కూడా ఇటువంటి తేడా తెస్తుందన్నది నిజమే, కానీ బ్యాకప్ డిస్కు ఉన్న ఇంట్లో మాత్రం ముందు మౌంట్ అడుగున చూడండి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం తప్పిందని తర్వాత గ్రహించాను. ఆర్‌సింక్‌కు డిలీట్ అనే ఐచ్ఛికం ఉంది. మూలంలో, అంటే నకలు తీస్తున్న అసలు చోట, లేని ఫైలును బ్యాకప్‌లో కూడా తీసేయమని దాని అర్థం. నా మూలం వేరే డిస్కు మీద ఉండి, ఆ రాత్రి మౌంట్ కానిది ఆ మూలమే అయి ఉంటే? మూలం ఖాళీగా కనబడేది. ఖాళీ మూలానికి నమ్మకమైన నకలు ఏమిటి? ఖాళీ బ్యాకప్. అర్థమైంది కదా.

కనుక ఇప్పుడు నేను రెండు పనులు చేస్తున్నాను, మీరూ చేయండి. మొదటిది, స్క్రిప్టు మొదట్లోనే మౌంట్‌పాయింట్ హైఫన్ క్యూ, పక్కన డైరెక్టరీ పేరు. మౌంట్‌పాయింట్ అనేది కూడా ఒక కమాండే; ఆ డైరెక్టరీ మీద నిజంగా ఏదైనా మౌంట్ అయి ఉన్నదా లేదా అన్నది మాత్రమే అది చెబుతుంది. లేదంటే స్క్రిప్టు అక్కడే ఆగిపోవాలి. మూలం వేరే డిస్కయితే రెండు వైపులా అడగాలి. రెండోది నాకు మరీ ఇష్టమైనది. డిస్కును దించి ఉన్నప్పుడు, ఆ ఖాళీ డైరెక్టరీ మీద సుడో సీహెచ్‌ఏటీటీఆర్ ప్లస్ ఐ ప్రయోగించండి. ఇక ఆ ఖాళీ డైరెక్టరీలో సర్వాధికారాలు ఉన్న రూట్ యూజరు కూడా ఏమీ రాయలేడు. దాని మీద డిస్కు మౌంట్ అయ్యాక ఈ నిషేధం అడ్డు రాదు, ఎందుకంటే అప్పుడు కనబడేది డిస్కులోని సొంత డైరెక్టరీ, కిందిది కాదు. ఓడ ఉంటే సరుకు దిగుతుంది, లేకపోతే బెర్తుకు ఇనుప కంచె. స్క్రిప్టులో తనిఖీ మరచిపోయినా ఈ కంచె మరచిపోదు.

ప్రతిసారీ చేతితో మౌంట్ చేయలేము కనుక ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఉంది. ఈటీసీ డైరెక్టరీలో ఉండే చిన్న పాఠ్య ఫైలు. ఒక్కొక్క వరుసలో ఆరు గడులు: ఏది, ఎక్కడ, ఏ ఫైల్ సిస్టమ్, ఏ షరతులతో, తర్వాత రెండు అంకెలు. మొదటి గడిలో ఎస్‌డీబీ1 అని రాయకండి, యూయూఐడీ సమానం అని రాసి ఆ పొడుగు సంఖ్య ఇవ్వండి. ఎందుకో ఇందాకే చెప్పాను. అయిదో గడి డంప్ అనే పాత బ్యాకప్ ప్రోగ్రాము కోసం, సున్నా పెట్టి మరచిపోండి. ఆరోది యంత్రం మొదలయ్యేటప్పుడు ఫైల్ సిస్టమ్ తనిఖీ వరుస: రూట్‌కు ఒకటి, మిగతా వాటికి రెండు, వద్దనుకుంటే సున్నా. గడులను విడదీసేది ఖాళీ జాగా అని గుర్తుంచుకోండి. షరతుల గడిలో డిఫాల్ట్స్ కామా నోఫెయిల్ అని రాసేటప్పుడు కామా తర్వాత అలవాటుగా స్పేస్ కొట్టారంటే గడులన్నీ ఒకటి పక్కకు జరిగిపోతాయి. డైరెక్టరీ పేరులోనే స్పేస్ ఉంటే దాని బదులు వెనుక వాలు గీత, సున్నా, నాలుగు, సున్నా అని రాయాలి.

ఆ నోఫెయిల్ గురించి. ఎక్స్‌టర్నల్ డిస్కును ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో నోఫెయిల్ లేకుండా రాసిన మిత్రుడు ఒకాయన, డిస్కును ఊరికి తీసుకెళ్లాడు. ఇంట్లో వాళ్ల అబ్బాయి యంత్రం ఆన్ చేశాడు. యంత్రాన్ని మొదలుపెట్టే ప్రోగ్రాము సిస్టమ్‌డీ ఆ డిస్కు కోసం మామూలుగా 90 సెకన్లు చూస్తుంది, రాకపోతే ఎమర్జెన్సీ మోడ్ అని నల్లని తెర మీద రూట్ పాస్‌వర్డు అడుగుతూ నిలబడుతుంది. వాళ్ల అబ్బాయి కంప్యూటరు పోయిందని ఫోను చేశాడు. పోయింది ఏమీ లేదు, ఒక్క మాట లోపించింది. లేకపోయినా యంత్రం నడవగలిగే ప్రతి డిస్కుకూ నోఫెయిల్ రాయండి. అయితే నోఫెయిల్ రాశారంటే డిస్కు రాకపోయినా యంత్రం ఏమీ అనదు అని కూడా అర్థం. అంటే నా కథలోని పరిస్థితిని మీరే ఆహ్వానిస్తున్నారు. అందుకే నోఫెయిల్, ఆ ఇనుప కంచె, రెండూ జంటగా ఉండాలి. ఒకటి పెట్టి రెండోది వదలవద్దు.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ను మార్చి వెంటనే రీస్టార్ట్ చేయడం సాహసం కాదు, తొందరపాటు. ముందు పాత ఫైలుకు నకలు తీసుకోండి. మార్చాక ఫైండ్‌మౌంట్ హైఫన్ హైఫన్ వెరిఫై కొట్టండి, తప్పులుంటే వరుస పట్టి చెబుతుంది. తర్వాత మారిన ఫైలును మళ్లీ చదవమని సిస్టమ్‌సీటీఎల్ డీమన్ హైఫన్ రీలోడ్, ఆ తర్వాత అందులో రాసినవన్నీ తగిలించమని మౌంట్ హైఫన్ ఏ. అది ఏమీ అనకుండా తిరిగి వచ్చి, ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో డిస్కు మీరనుకున్న చోట కనబడితే అప్పుడు రీస్టార్ట్ చేయండి.

విండోస్ కూడా అదే యంత్రంలో ఉన్నవారికి రెండు మాటలు. ఎన్‌టీఎఫ్‌ఎస్3 అనే డ్రైవరు 2021లో 5.15తో లినక్స్ కెర్నెల్‌లోనే చేరింది, కనుక చదవడం రాయడం ఇప్పుడు ఇబ్బంది కాదు. ఇబ్బంది విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ అని నొక్కినా అది సగం నిద్రలోనే ఉంటుంది, ఆ డిస్కు సగంలో ఆపిన స్థితిలో ఉంటుంది. అందువల్ల లినక్స్ దానిలో రాయడానికి నిరాకరిస్తుంది. బలవంతం చేసే మార్గాలు వెతక్కండి, విండోస్‌లోకి వెళ్లి దాన్ని ఆపేయండి. ఇక ఎక్స్‌ఫ్యాట్, ఫ్యాట్ డిస్కుల్లో యజమాని, అనుమతి అన్న భావాలే లేవు. అక్కడ యజమానిని మార్చే సీహెచ్‌ఓన్ పనిచేయలేదని కోపగించుకుని లాభం లేదు. యజమాని ఎవరన్నది మౌంట్ చేసేటప్పుడే యూఐడీ, జీఐడీ, యూమాస్క్ షరతులతో చెప్పాలి. ఒకే మనిషి వాడే డెస్క్‌టాప్‌లో ఆ యూఐడీ చాలా లినక్స్‌లలో 1000. నమ్మకం లేకపోతే ఐడీ అని కొట్టి చూసుకోండి.

డిస్కు కొన్న ప్రతివారూ అడిగేది కూడా చెప్పేస్తాను. పెట్టె మీద 1 టెరాబైటు అని ఉంటే లోపల 931 గిగాబైట్లు చూపుతుంది. ఎవరూ మోసం చేయలేదు. అమ్మేవారు వేయి చొప్పున లెక్కిస్తారు, యంత్రం 1024 చొప్పున లెక్కిస్తుంది. ఈఎక్స్‌టీ4 దానిలోనూ 5 శాతాన్ని రూట్ కోసం దాచిపెడుతుంది, అది మరో 46 దాకా పోతుంది. రూట్ డిస్కుకు ఆ నిల్వ అవసరమే. ఉత్త బ్యాకప్ డిస్కుకు అవసరం లేదు. ట్యూన్2ఎఫ్‌ఎస్‌కు హైఫన్ ఎం ఒకటి ఇచ్చి ఒక శాతానికి తగ్గించుకోవచ్చు.

దించడం గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. యూమౌంట్ కొడితే తరచు వచ్చే జవాబు టార్గెట్ ఈజ్ బిజీ. ఎవరు బిజీ? చాలాసార్లు మీరే. మీ షెల్లు ఆ డైరెక్టరీలోనే కూర్చుని ఉంటుంది. కూర్చున్న కొమ్మను నరకనివ్వనందుకు యంత్రాన్ని తిట్టుకుంటాము! సీడీ కొట్టి బయటికి రండి. అప్పటికీ కుదరకపోతే ఫ్యూజర్ హైఫన్ వీఎం, పక్కన డైరెక్టరీ పేరు ఇవ్వండి. ఏ ప్రోగ్రాము పట్టుకుని ఉందో పేరు పెట్టి చూపిస్తుంది. హైఫన్ ఎల్ అనే సోమరి యూమౌంట్ కూడా ఉంది. అది చెట్టులో నుంచి పేరు తీసేసి మీకు దిగిపోయిందనే భ్రమ కల్పిస్తుంది, ఆ ప్రోగ్రాము మాత్రం లోపల రాస్తూనే ఉండవచ్చు. పీకేయబోయే డిస్కు మీద దాన్ని వాడకండి.

మరి తెర మీద కాపీ పూర్తయింది కదా, యూమౌంట్ ఎందుకు, పీకేస్తే సరిపోదా? సరిపోదు. కాపీ పూర్తయిందంటే సరుకు ర్యామ్‌లోకి చేరిందని అర్థం. అక్కడి నుంచి డిస్కు మీదికి కెర్నెల్ తన తీరికను బట్టి దింపుతుంది. నెమ్మది పెన్‌డ్రైవులో పెద్ద సినిమా కాపీ చేసినప్పుడు చూడండి: కాపీ క్షణాల్లో అయిపోతుంది, యూమౌంట్ నిమిషాలు తీసుకుంటుంది. అది ఆలస్యం కాదు, అసలు పని అప్పుడే జరుగుతోంది. ప్రాంప్టు తిరిగి వచ్చేదాకా వైరు మీద చెయ్యి వేయకండి. తిరిగే పళ్లెం ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కయితే ఆ తర్వాత యూడిస్క్స్‌సీటీఎల్ పవర్ ఆఫ్ హైఫన్ బీ, పక్కన డిస్కు పేరు కూడా ఇవ్వండి. పళ్లెం ఆగిన చప్పుడు విని తీయండి.

ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ చివరి వరుసలో అమ్మాయి అడిగింది అందరికీ వినిపించిందా? డిస్కు లేబులును, మౌంట్ పాయింటును తెలుగులో పెట్టుకోవచ్చా అని. చాలా మంచి ప్రశ్న తల్లీ, ఇది నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. డైరెక్టరీకి పెట్టుకోవచ్చు, ఏ ఇబ్బందీ లేదు. పేరుకు 255 బైట్ల వరకు చోటు ఉంది, యూటీఎఫ్ ఎనిమిదిలో తెలుగుకు ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు పడుతుంది కనుక 85 సంకేతాలు పడతాయి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోనూ అలాగే రాయవచ్చు. లేబులు దగ్గరే చిక్కు. ఈఎక్స్‌టీ4 లేబులుకు ఇచ్చేది మొత్తం 16 బైట్లు. అంటే తెలుగులో అయిదు సంకేతాలు, మిగిలేది ఒక్క బైటు. మన ఊరి పేరే పెట్టి చూద్దాము. గుడులు, దీర్ఘాలు, పొల్లులు, సున్నాలు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయని గుర్తుంచుకోండి. విశాఖపట్నం అంటే పది సంకేతాలు, 30 బైట్లు. ఈ2లేబుల్ కమాండు హెచ్చరించి 16వ బైటు దగ్గర నిర్దాక్షిణ్యంగా కోస్తుంది, ఆ కోత ప అక్షరం మధ్యలో పడి చివర ఒక విరిగిన ముక్క మిగులుతుంది. విశాఖ అని మాత్రం పెట్టండి. వ, గుడి, శ, దీర్ఘం, ఖ. అయిదు సంకేతాలు, 15 బైట్లు, సరిగ్గా సరిపోతుంది.